ఆదివారం అల్లుడు

రెక్సిన్ సంచి జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంకా ఏదో మర్చిపోయాను," అంది సుబ్బరత్నం. ఏడో నెల కడుపుతో ముందుకు వంగలేక, నేల మీద పక్కకు వాలి ఒక్కొక్క వస్తువూ అందుకుని సర్దుతోంది. మెత్తబడ్డ నూలు చీరలు, జాకెట్లు, పసుపు డబ్బా, పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలుగా చింపిన పాత పంచె. అన్నీ ఉన్నాయి. అయినా ఏదో లేదనిపిస్తోంది.

సాంబమూర్తి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. భవానీపురంలో ఆ ఒంటిగది వాటాలో కాపురం పెట్టి ఏడాది దాటింది. ఇప్పుడు భార్య పురిటికి పుట్టింటికి, పెడన వెళుతోంది. వెళ్ళేముందు మొగుడన్నవాడు ఏదో ఒకటి అనాలని అతనికి తెలుసు. ఏమనాలో తెలియదు.

"దువ్వెన పెట్టుకున్నావా?" అన్నాడు.

"పెట్టుకున్నానండి."

"ఇంట్లో ఉన్నది అదొక్కటేగా."

"మరి మీకు?"

"కొట్లో హనుమయ్య గారిది వాడుకుంటాలే."

"ఆయనకి జుట్టెక్కడుందండీ, దువ్వెన ఉండటానికి?"

మూలన గిన్నెలు కడుగుతున్న చౌడేశ్వరమ్మ కిసుక్కున నవ్వింది. కూతుర్ని తీసుకువెళ్ళడానికి ఆమె పొద్దుటి బండికి పెడన నుంచి వచ్చింది. అల్లుడు ఎదురుగా ఉన్నాడని గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుబ్బరత్నం సంచిలోంచి దువ్వెన తీసింది. ఒక పక్క పెద్ద పళ్ళు, ఒక పక్క సన్న పళ్ళు. రెండు చేతులా పట్టుకుని టక్కున విరిచి, సన్న పళ్ళ ముక్క అతని చేతిలో పెట్టింది.

"ప్రయాణం ముందు విరవడమేమిటే!" తల్లి అదిరిపడింది.

"విరవలేదమ్మా. పంచాను."

బందరు పాసింజరు కదిలేదాకా కూడా సాంబమూర్తికి మాట దొరకలేదు. కిటికీ చువ్వ పట్టుకుని బండితో పాటు నాలుగడుగులు నడిచాడు. "జాగ్రత్త," అన్నాడు చివరికి.

"బిడ్డకు ఐదో నెల రాగానే వచ్చేస్తానుగా," అంది ఆమె.

బండి వేగం అందుకుంది. ఇంతింత చిన్న మాటలు చాలనుకుని మనుషులు విడిపోతుంటారు.

*

వన్‌టౌన్‌లో హనుమయ్య గారి చీరల కొట్లో సాంబమూర్తిని మించిన మాటకారి లేడు. తెల్లటి పరుపు మీద చీర అలా విసిరి పరిచాడంటే, చూసి పోదామని వచ్చినవాళ్ళు కూడా పొట్లం కట్టించుకునే లేచేవారు.

"ఇది కట్టుకుని ఇంట్లో అడుగుపెట్టండమ్మా. మీ ఆడపడుచు కళ్ళు కుట్టకపోతే నేను పేరు మార్చుకుంటాను!"

ఇంత వాగేవాడూ సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటి గుమ్మం ఎక్కేసరికి మూగవాడైపోయేవాడు. కొనడానికి రాని ఆడదానితో ఏం మాట్లాడాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆ సెప్టెంబరులో, పెడనలో పాప పుట్టి నెల దాటాక, వాన దంచి కొడుతున్న ఒక మధ్యాహ్నం, నలభై ఏళ్ళావిడ గొడుగు ముడుస్తూ కొట్లోకి వచ్చింది. తెల్ల చీర, మెడలో సన్న గొలుసు, దానికి చిన్న సిలువ.

"రండమ్మా, రండి! ఇంత వానలో వచ్చారంటే మంచి సరుకు మీ కోసమే ఎదురుచూస్తున్నట్టు. మీ ఒంటికి నీలం..."

"మీరేనా సాంబమూర్తి?"

"నేనేనండి."

"మీ ఆవిడకు ఏ రంగు ఇష్టం?"

పరుస్తున్న చీర మీద అతని చెయ్యి ఆగిపోయింది.

"అంటే... ఆడవాళ్ళకి సాధారణంగా..."

"ఆడవాళ్ళందరి సంగతి నాకెందుకండీ? సుబ్బరత్నం సంగతి అడుగుతున్నాను."

"చిలకపచ్చ," అన్నాడు ధైర్యం చేసి. పెళ్ళికి అదే పెట్టాడు. ఉగాదికీ అదే, శ్రీమంతానికీ అదే.

"ఏం ఇష్టంగా తింటుంది?"

"ఏది వండితే అదే తింటుందండి."

"వండేది ఆవిడేగా?"

గల్లాపెట్టె వెనక హనుమయ్య గారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

ఆమె కూర్చుని తానెవరో చెప్పింది. పేరు హన్నా. మైలవరం వైపు రైతుల ఇంటి పిల్ల. మద్రాసులో మనసు జబ్బుల చదువు చదివి, బెజవాడలో ఒక మిషను ఆసుపత్రిలో డాక్టరుగా చేస్తోంది. రెండేళ్ళుగా ఆసుపత్రి వ్యానులో ఊళ్ళ వెంట తిరిగి పచ్చి బాలింతల్ని కలుస్తోంది. కాన్పు తర్వాత కొందరు తల్లులు ఎందుకు చీకట్లోకి జారిపోతారు, ఎవరు తేరుకుంటారు, జారకముందే పట్టుకోవడం ఎలాగ, ఇవీ ఆమె పరిశోధన. కొత్త తల్లి కన్నీళ్ళకి కూడా రిసెర్చి కావాలా డాక్టరమ్మా అని తోటి డాక్టర్లు నవ్వుతుండేవారు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు.

"బారసాలకు వెళ్ళారు కదా. మీ ఆవిడ మొహం చూశారా?"

"తల దించుకునే ఉందండి. సిగ్గనుకున్నాను."

"సిగ్గు కాదు. మొన్న పెడన వెళ్ళినప్పుడు చూశాను. నేను ఆవిడను అడిగితే మీ అత్తగారు జవాబు చెబుతారు. తింటోందా అంటే, తింటోందండీ. నిద్రపోతోందా అంటే, హాయిగానండీ. వేడినీళ్ళు కావాలని మీ అత్తగారిని వంటింట్లోకి పంపి, మీ ఆవిడను మళ్ళీ అడిగాను. పాప ఏడుస్తుంటే పక్కింటి బిడ్డ ఏడ్చినట్టుందండీ అంది. నేను లేకపోతే అందరికీ తేలిక అంది."

సాంబమూర్తి పరుపు మీద కూలబడ్డాడు.

"పిచ్చా అండీ?"

"కాదు, జబ్బు. జ్వరం లాంటిదే. తగ్గుతుంది. మాత్రలు ఇచ్చాను. వాటితో పాటు ఇంకో మందు కూడా కావాలి, అందుకే వచ్చాను."

"చెప్పండి. ఎక్కడున్నా తెస్తాను."

"తేనక్కర్లేదు. మీరే."

"నేనా?"

"ప్రతి ఆదివారం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోవాలి. మాట్లాడాలి. మొగుడు వచ్చి కూర్చున్న తల్లులు త్వరగా లేస్తున్నారు. ఇప్పటిదాకా నేను చూసినంతలో అలాగే ఉంది."

"బాలింత గదిలోకి మగాణ్ణి రానిస్తారా?"

"మీ అత్తగారితో పోట్లాడి ఒప్పించి వచ్చాను."

సాంబమూర్తి చేతులు నలుపుకున్నాడు. "ఏం మాట్లాడాలండీ?"

హన్నా గొడుగు తీసుకుని లేచింది. "నేను రాగానే నాతో వాగారు చూడండి, అది."

*

మొదటి ఆదివారం ఏమీ జరగలేదు.

గది నిండా సాంబ్రాణి పొగ. కిటికీకి దుప్పటి కట్టారు. తలకు గుడ్డ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, సుబ్బరత్నం నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. ముందు వసారాలో మామగారు చౌడయ్య మగ్గం ఆడుతోంది, టకటకమని, ఆగకుండా.

"బండి లేటయింది," అన్నాడు సాంబమూర్తి.

సుబ్బరత్నం ఇటు తిరగలేదు.

"వాన," అన్నాడు ఇంకాసేపటికి.

తిరుగు బండికి టైమయింది.

రెండో ఆదివారం అతను పీట జరుపుకుని, ఒకసారి గొంతు సవరించుకుని, ఉత్త చేతుల్లో లేని చీర మడత విప్పాడు. "ఇలా చూడండమ్మా. ఇవాళే దిగిన సరుకు. చిలకపచ్చ మీద ఎర్రంచు. పట్టుకు చూడండి, ఎంత గట్టి నేతో! నూరు ఉతుకులు ఉతకండి, రంగు చెక్కు చెదిరితే నన్నడగండి."

గోడ వైపు నుంచి మెల్లగా ఒక గొంతు వచ్చింది.

"మొదటి ఉతుక్కే ఆ ఎరుపు పచ్చలోకి కారుతుంది."

సాంబమూర్తి చేతులు వాటంతటవే, కొట్లోలాగే ఇంకో మడత విప్పాయి. "అలా అనకండమ్మా. అమ్మగారికి నేత సంగతులు తెలిసినట్టున్నాయే."

"మా నాన్న మగ్గానికి ఏడేళ్ళప్పటి నుంచి నూలు కండెలు చుట్టాను."

"మరి అమ్మగారికి ఏ రంగు చూపించమంటారు?"

సుబ్బరత్నం వేలితో గోడ మీద సున్నం గీకింది.

"చిలకపచ్చ మాత్రం వద్దు. నాకది చూస్తేనే కంపరం."

"కంపరమా!" సాంబమూర్తి కొట్టు సంగతి మర్చిపోయాడు. "మరి మూడు చీరలూ కిక్కురుమనకుండా కట్టుకున్నావేం?"

"మీకిష్టమని."

"నీకిష్టమని కదా నేను తెచ్చింది!"

సుబ్బరత్నం ఇటు తిరిగింది. మొహం వాడిపోయి ఉంది. కళ్ళ కింద నలుపు. కానీ ఇటు తిరిగింది. ఆ రోజు బండి తప్పిపోయింది. సాంబమూర్తి లారీ ఎక్కి, మూటల మధ్య కూర్చుని తడుస్తూ బెజవాడ చేరాడు. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ గదిలో కొట్టు తెరుచుకునేది. ఆమె వంగపండు రంగు అడిగేది. అతను స్టాకు లేదనేవాడు. "ఇదేం కొట్టండీ, పక్క కొట్టుకి పోతాను," అనేది. "పక్క కొట్టువాడికి ఇంత అందమైన సేల్స్‌మన్ లేడమ్మా," అనేవాడు. "అద్దం కూడా లేదేమో మీ కొట్లో," అనేది. ఒక ఆదివారం పాప ఏడిస్తే, మాట మధ్యలో ఆపి తానే చేతులు చాచింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని, కొత్త మనిషిని చూసినట్టు చాలాసేపు చూసింది.

"దీనికి మీ ముక్కు వచ్చిందండీ. పాపం."

నేతగాళ్ళ వీధికి అతని రాక పండగైంది. రైల్వే గేటు దాటగానే అరుగుల మీద నుంచి కేకలు. "ఆదివారం అల్లుడొచ్చాడే! చౌడేశ్వరమ్మొదినా, కాఫీ నీళ్ళు పెట్టు!" "ఏం బాబూ, బెజవాడలో నీళ్ళు బాగాలేవా, వారం వారం మా ఊరొస్తున్నావు?" అతను తల దించుకుని నవ్వుతూ నడిచేవాడు. కొట్లో హనుమయ్య గారి ఎత్తిపొడుపులు వేరే. "ఒరేయ్, ఆవిడ నీలం అడిగితే వంగపండు పరుస్తావేంరా? మందువి నువ్వా, రోగివి నువ్వా?"

పెళ్ళయిన ఏడాదిన్నరకి సాంబమూర్తి తన భార్యను ప్రేమించాడు. పెళ్ళి ముందే అయిపోయింది కనుక, ఆ సంగతి ఎవరికి చెప్పాలో అతనికి తెలియలేదు.

*

దసరాకు ముందు ఆదివారం, ఓరగా వేసిన తలుపు వెనక ఇద్దరూ పగలబడి నవ్వారు. తర్వాత ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయారు.

పెరట్లో ఉన్న చౌడేశ్వరమ్మను ఆ నిశ్శబ్దం భయపెట్టింది.

ఆమెకు తెలుసు అలాంటి నిశ్శబ్దం. తొలిచూలు కొడుకు ఇంకా పాలు తాగుతుండగానే ఆమెకు మళ్ళీ నెల తప్పింది. పాలు విరిగిపోయాయి. పిల్లవాడు చిక్కి చిక్కి ఆమె చేతుల్లోనే పోయాడు. రెండోది సుబ్బరత్నం. ఇప్పుడు కూతురు లేచి కూర్చుంటోంది, నవ్వుతోంది. ఈ ఒంటితో మళ్ళీ కడుపొస్తే? డాక్టరమ్మకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఆమెకేం తెలుస్తుంది ఈ భయం?

ఆ సాయంత్రం అల్లుణ్ణి సాగనంపుతూ రైల్వే గేటు దాకా వచ్చింది.

"బాబూ, డాక్టరమ్మ గారు కబురు చేశారు. పిల్లకి నెమ్మదించిందట. ఇక మీరు రానక్కర్లేదట. ఐదో నెలలో మంచి రోజు చూసి మేమే దిగబెడతాం."

"ఆవిడే అన్నారా?"

"ఆవిడే."

సాంబమూర్తికి సంతోషం, దిగులు ఒకేసారి వచ్చాయి. మందు పనిచేసింది. అందుకని మందు ఆపేస్తున్నారు. అంతా సబబుగానే తోచింది. హన్నాను అడుగుదామంటే ఆమె తన పరిశోధన సంగతులు చెప్పడానికి మద్రాసు వెళ్ళింది. భార్యకు ఉత్తరం రాద్దామంటే, ఆమెకు చదవడం రాదు. మామగారు చదివి వినిపించాలి. మామగారి నోట పలకాల్సిన మాటలు కావు అతను రాయదలుచుకున్నవి. పైగా దసరా వెనకే దీపావళి, కొట్లో తల ఎత్తే తీరిక లేదు.

కూతురితో చౌడేశ్వరమ్మ ఇంకోలా చెప్పింది. "పండగ సీజనమ్మా. కొట్లో ఊపిరాడటం లేదట. రానని చెప్పి వెళ్ళాడు."

"నాతో చెప్పలేదే?"

"నీతో చెబితే బాధపడతావని."

మాత్రలు కూడా పాలల్లోకి దిగుతాయేమోనన్న భయంతో దూలం మీద పెట్టేసింది. బిడ్డను ఒకసారి పోగొట్టుకున్న మనిషి. అన్ని వైపుల నుంచీ కాపలా కాస్తున్నాననే అనుకుంది.

ఆదివారం బందరు పాసింజరు కూత వినబడగానే సుబ్బరత్నం తలుపు వైపు తిరిగేది. వీధిలో కేకల కోసం చెవుల్లో దూది తీసేసి వినేది. తర్వాత తర్వాత కూత వినబడినా తిరగడం మానేసింది. తల్లి దగ్గర కూర్చుంటే ఒక్కటే అడిగింది. "ఆయనకి విసుగు పుట్టిందామ్మా? నాకే నేనంటే విసుగ్గా ఉంటుంది. ఆయన తప్పేం ఉంది."

"పిచ్చి మాటలు మాట్లాడకు," అంది చౌడేశ్వరమ్మ. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటే ఐదో నెల వస్తుంది కదా అనుకుంది.

*

దీపావళి వెళ్ళిన సోమవారం హన్నా మద్రాసు నుంచి దిగింది. దిగుతూనే కొట్టుకు వచ్చింది.

"ఎలా ఉందండీ ఆవిడ? ఆదివారాలు ఎలా సాగుతున్నాయి?"

"మీరే కదండీ మానేయమన్నారు," అన్నాడు సాంబమూర్తి.

"ఎవరూ? నేనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాంబమూర్తి చేతిలో మడత పెడుతున్న చీర నేల మీదికి జారింది.

హన్నా గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటా నొక్కి చెప్పింది. "ఇప్పుడున్న బండికి వెళ్ళండి. రేపు తెల్లవారుతూనే తీసుకొచ్చి మా ఆసుపత్రిలో చేర్చండి. ఆ లోపల ఒంటరిగా వదలొద్దు. ఏడుస్తుంటే తీసుకురండి. నవ్వుతుంటే ఇంకా త్వరగా తీసుకురండి. ఇంత దిగులు మీద ఉన్నట్టుండి ప్రశాంతంగా కనిపిస్తే నాకు భయం. వింటున్నారా?"

"వింటున్నానండి."

హనుమయ్య గారు ఆ పూట ఎత్తిపొడవలేదు. "పో, ముందు బండి అందుకో," అన్నారు.

పెడనలో దిగేసరికి దీపాల వేళయింది. కార్తీకమాసం, గుమ్మాల ముందు ప్రమిదలు వెలుగుతున్నాయి. ఇవాళ ఆదివారం కాదు కనుక అరుగుల మీద ఎవరూ కేక వేయలేదు.

అల్లుణ్ణి చూడగానే చౌడేశ్వరమ్మ చేతిలో చెంబు పడిపోయింది. అతను ఏమీ అడగకుండానే ఏడవడం మొదలుపెట్టింది. "నేనే చెప్పాను బాబూ, అబద్ధం. మళ్ళీ కడుపొస్తే నా పిల్ల దక్కదని. నా కొడుకు పోయినట్టు..."

మగ్గం ఆగింది. చౌడయ్య మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. "ఏం చేశావే?" అన్నాడు. ఆయనకు కూడా అప్పుడే తెలిసింది.

సాంబమూర్తి కేకలు వేద్దామనే అనుకున్నాడు. లోపలి నుంచి సుబ్బరత్నం గొంతు వినబడింది. "ఎవరూ? కొట్టు తీశారా?"

పరుగున లోపలికి వెళ్ళాడు. ఆమె మంచం మీద లేచి కూర్చుని ఉంది. సగమైపోయింది. మొహం మీద మాత్రం అలసట లేదు. నవ్వుతోంది.

"నన్ను వాపసు ఇచ్చేశారనుకున్నానండీ."

సాంబమూర్తి పీట మీద కూర్చోలేదు. మొదటిసారి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "బోర్డు చూడలేదా అమ్మా? మా దగ్గర తీసుకున్న సరుకు వాపసు లేదు."

"పాత సరుకండీ. రంగు దిగిపోయింది."

"నాకిదే కావాలి." ఇంక కొట్టు మాటలు రాలేదు. "సుబ్బరత్నం, నాకు మాట్లాడటం రాదు. పెళ్ళయ్యాక నేర్చుకున్నాను, అది కూడా నీ దగ్గరే. నువ్వంటే నాకు ఇష్టం. నాతో వచ్చెయ్. రేపు పొద్దున్నే వెళ్ళిపోదాం. డాక్టరు గారు బాగు చేస్తారు."

ఆమె అతని చేతిని తీసుకుని తన బుగ్గకు ఆనించుకుంది. తలుపు అవతల చౌడేశ్వరమ్మ ముక్కు చీదింది.

"రేపు మంగళవారం బాబూ," అంది గుమ్మంలోకి వచ్చి.

"అయితే?"

"మంగళవారం పుట్టింటి గడప నుంచి ఆడపిల్లను పంపరు."

"ఆసుపత్రికండీ! కాపురానికి కాదు!"

"ఎక్కడికైనా ఒకటే. పచ్చి బాలింత, పురుడు పోసుకున్నాక బయటికి పెట్టే మొదటి అడుగు. మంగళవారం పెట్టించమంటారా? నేను చేసిన పాపం చాలదూ, దానికి ఇది కూడా కలపమంటారా? బుధవారం తెల్లవారుజామున నా చేత్తో బొట్టు పెట్టి నేనే పంపుతాను. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది. సాంబమూర్తి వెనక్కి జరిగి మామగారి వైపు చూశాడు. చౌడయ్య తల వంచుకున్నాడు. "ఒక్క రోజేగా బాబూ. అందరం ఇంట్లోనే ఉంటాం."

హన్నా మాటలు సాంబమూర్తికి గుర్తున్నాయి. ఒక్కొక్కటీ గుర్తుంది. అతను భార్య వైపు తిరిగాడు.

"అమ్మ మాట కాదనకండి," అంది సుబ్బరత్నం. "ఒక్క రోజే కదా. మీరొచ్చారు, నాకింకేం లేదు. చీరలు చూపించండి."

ఆ నవ్వు చూసి అతను ఒప్పుకున్నాడు. ప్రేమలో పడ్డవాడు నవ్వును ఎలా అనుమానిస్తాడు?

*

మంగళవారం పొద్దున్న సుబ్బరత్నం పాపకు తానే నీళ్ళు పోసింది. చౌడేశ్వరమ్మ పొంగిపోయి ఎదురింటివాళ్ళను పిలిచి చూపించింది. పాపను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, వీపు మీద సున్నిపిండి నలుస్తూ సుబ్బరత్నం అంది, "దీనికి చిలకపచ్చ తేకండేం."

"వంగపండే తెస్తాను. తల్లీకూతుళ్ళకి ఒకే తానులోంచి."

"వద్దు. దాని రంగు దాన్నే అడగండి. అడగడం మీకిప్పుడు వచ్చుగా."

అన్నాలు తిన్నారు. బుధవారం తెల్లవారుజామున స్టేషనుకు వెళ్ళడానికి రిక్షా మాట్లాడి రావాలి. చౌడయ్యను పంపుదామంటే ఆయన మోకాలి నొప్పితో అంత దూరం నడవలేడు. "మీరు వెళ్ళి రండి బాబూ, నేను పక్కనే కూర్చుంటాను," అంది చౌడేశ్వరమ్మ. సాంబమూర్తి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. సుబ్బరత్నం పాపకు పాలిస్తోంది. కళ్ళతోనే పొమ్మంది, ఆటపట్టిస్తున్నట్టు.

కాసేపటికి ఆమె పక్కనున్న తల్లితో, పాపకు దిష్టి తగిలినట్టుంది, వంటింట్లోంచి ఉప్పు తెమ్మంది. పాపను తల్లి చేతుల్లో పెట్టింది. చౌడేశ్వరమ్మ పాపను భుజాన వేసుకుని ఉప్పు కోసం వెళ్ళింది. పొద్దుటి నుంచి తేలికపడ్డ మనసు ఆమెది. మగ్గం ఆడుతూనే ఉంది.

రిక్షా కుదుర్చుకుని సాంబమూర్తి వీధి మలుపు తిరిగేసరికి ఆ చప్పుడు ఆగిపోయి ఉంది. ఆ వీధిలో పగటి పూట ఒక మగ్గం ఆగడం అతను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత మిగతా మగ్గాలు కూడా ఒక్కొక్కటే ఆగాయి. మగవాళ్ళు గుంటల్లోంచి లేచి ఇళ్ళ పెరళ్ళ వెనకున్న కాలవ గట్టు వైపు పరుగెత్తుతున్నారు.

హన్నా పరిశోధన మరికొన్నేళ్ళు సాగింది. కబురు విని పెడన వచ్చి, తిరిగి వెళ్ళిన రోజే ఆమె తన పద్ధతి మార్చుకుంది. తల్లినొక్కదాన్నే కాదు, తల్లి తల్లినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది. వాళ్ళ భయాలు ముందు వినేది. మంగళవారం, శుక్రవారం తప్పకుండా వ్యాను తీయించేది. గడప ఇవతల నిలబడి "ఇవాళే," అని మొండికేసేది. ఆ మొండితనం వల్ల బతికిన ఆడవాళ్ళు ఉన్నారు. వ్యానులో ఆమె పక్కన ఆదివారాలు సాంబమూర్తి కూడా వెళ్ళేవాడు. పరాయి ఊళ్ళ అరుగుల మీద, బిడ్డ పుట్టిన మగవాళ్ళ పక్కన కూర్చుని, "మీ ఆవిడకు ఏ రంగు ఇష్టమండీ?" అని అడిగేవాడు. ఎక్కువమంది నీళ్ళు నమిలేవారు.

పాపను చౌడేశ్వరమ్మ పెంచింది. మళ్ళీ ఎవరికీ మంచి రోజు చూడలేదు.

సుబ్బరత్నం పెరటి తలుపు తీసుకుని వెళ్ళింది 1974 నవంబరు 19, మంగళవారం మధ్యాహ్నం. తిరిగి రాలేదు.